పరాయి సమాధి దగ్గర సొంత దుఃఖం

నవంబరు 2 సాయంత్రం గుంటూరులో సమాధుల తోటలోకి అడుగుపెడితే ముందు సున్నం వాసన తగులుతుంది. తర్వాత చామంతులు, ఆ తర్వాత కరిగే మైనం. పొద్దుటి నుంచి బక్కెట్లు, కుంచెలు పట్టుకుని వచ్చినవాళ్ళు తమవాళ్ళ సమాధుల మీద గడ్డి పీకి, కడిగి, వెల్ల వేసి ఉంటారు. చీకటి పడే వేళకు కొవ్వొత్తులు మొదలవుతాయి. రాతి మీద నాలుగు చుక్కల మైనం కార్చి, అది గట్టిపడేలోగా కొవ్వొత్తిని అందులో నిలబెట్టి, గాలికి అట్టముక్క అడ్డం పెడతారు. కథోలికులకు ఆ రోజు మరణించిన వారందరినీ తలుచుకునే దినం. ఇక్కడ అందరూ సమాధుల పండుగ అంటారు.

నాతో పనిచేసే ఒకావిడ భర్త సమాధి అక్కడ ఉంది. ఆవిడకు తోడుగా వెళ్ళాను, అంతే. అక్కడ నావాళ్ళు ఎవరూ లేరు. వాళ్ళ కుటుంబం ప్రార్థన చేసుకుంటుంటే పక్కకు తప్పుకుని నిలబడ్డాను. ఎవరో ముసలావిడ వచ్చి నా చేతిలో మూడు కొవ్వొత్తులు పెట్టింది. "మిగిలాయమ్మా. ఆ గోడ పక్కన ఎవరూ రాని సమాధులున్నాయి, వాటి మీద వెలిగించు" అంది. మొదటి సమాధి రాయి మీద పేరు చెరిగిపోయింది. రెండోదానికి రాయే లేదు, మట్టి దిబ్బ. అగ్గిపుల్ల గీయడం, అది ఆరిపోవడం, మళ్ళీ గీయడం. మూడో కొవ్వొత్తి దగ్గర ఏడుపు తన్నుకొచ్చింది. గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

మా పిన్ని పోయి అప్పటికి ఐదు నెలలు దాటింది. ఆవిడ పోయిన రోజు నేను ఏడవలేదు. పెద్దకర్మ రోజునా ఏడవలేదు. నాకు ఏమీ కాని మనిషి, పేరు కూడా తెలియని మనిషి సమాధి దగ్గర ఆ ఏడుపు ఎందుకు వచ్చిందన్న ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. దానికి జవాబు వెతుక్కుంటూ కొన్ని చోట్లు తిరిగాను, కొంత చదివాను.

వరస అడిగే ఇల్లు

తెలుగులో వరస అనే మాటకు రెండు అర్థాలున్నాయి. బంధుత్వం ఒకటి, ఒకరి వెనక ఒకరు నిలబడటం ఇంకొకటి. చావు ఇంట్లో ఈ రెండు అర్థాలూ ఒకటైపోతాయి. ఎవరికి ఏమవుతామో దాన్ని బట్టి ఎక్కడ నిలబడాలో, ఎంత ఏడవాలో, ఎన్నాళ్ళు మైల పట్టాలో తేలుతుంది. తల్లిదండ్రులు పోతే కొడుక్కి పది రోజుల మైల, పెళ్ళయిన కూతురికి మూడు రోజులు. కర్త ఒక్కడే. తలకొరివి, అస్థి సంచయనం, ధర్మోదకాలు అన్నీ ఆ వరసలోనే సాగుతాయి.

నన్ను ఏడేళ్ళు పెంచింది మా పిన్ని. కృష్ణలంకలో ఆవిడ ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. కృష్ణకు వరద వస్తుందని తెలిస్తే ముందు కుట్టుమిషను, తర్వాత నా పుస్తకాలు అటక ఎక్కించేది. ఆవిడ పోయిన రోజు తలకొరివి ఆవిడ కొడుకు, నాకు తమ్ముడు, పెట్టాడు. అది వాడి హక్కు, కాదనను. ఆడవాళ్ళం వాకిట్లోనే ఆగిపోయాం. పాడె వీధి మలుపు తిరగకముందే నా చేతికి బక్కెట్టు వచ్చింది. శవం లేచిన ఇల్లు కడగాలి కదా. నేను ఇల్లు కడుగుతున్నంతసేపట్లో అక్కడ అంతా అయిపోయింది. పలకరింపుకు వచ్చినవాళ్ళు "మీరేమవుతారు?" అని అడిగేవారు. "అక్క కూతుర్ని" అంటే "అలాగా" అని తలాడించి తమ్ముడి దగ్గరకు వెళ్ళేవారు. ఆఫీసులోనూ అదే వరస. తల్లీ తండ్రీ కాదు గనక రెండో రోజుకే పనిలో ఉండాలి.

ఇలాంటి దుఃఖం గురించి కెనెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు 1989లో రాశాడు. ఒకరు పోయినందుకు మనం బాధపడుతున్నాం, కానీ ఆ బాధ పడే హక్కు మనకుందని చుట్టూ ఉన్నవాళ్ళు గుర్తించరు. స్నేహితులు, విడిపోయిన భార్యాభర్తలు, కడుపులోనే బిడ్డను పోగొట్టుకున్న తల్లులు, బయటికి చెప్పుకోలేని ప్రేమలో ఉన్నవాళ్ళు ఈ కోవలోకి వస్తారు. మన భాషలో హక్కు దక్కని దుఃఖం అనవచ్చు. బాధ పెద్దదా చిన్నదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. సాక్షి లేకపోవడమే అసలు చిక్కు. నువ్వు ఏడవవలసిన మనిషివే అని ఎదుటివాళ్ళు ఒప్పుకోకపోతే, కొన్నాళ్ళకు మనకే అనుమానం వస్తుంది. నాకు వచ్చింది. పిన్ని కదా, ఇంతలా ఎందుకు అని నాకు నేనే చెప్పుకున్న రోజులున్నాయి.

ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ డర్కైమ్ 1912లోనే ఇంకో కొస నుంచి ఇదే సంగతి చెప్పాడు. చావు దగ్గర ఏడవడం మనసులోంచి దానంతట అదే పొంగుకొచ్చేది మాత్రమే కాదు, గుంపు తన మనుషుల మీద పెట్టే బాధ్యత కూడా అన్నాడు. మొదటిసారి చదివినప్పుడు కటువుగా అనిపించింది. తర్వాత పలకరింపులకు వెళ్ళినప్పుడల్లా గమనించాను. కొత్తగా ఒక బంధువు గడపలోకి రాగానే, అప్పటిదాకా మామూలుగా మాట్లాడుకుంటున్న ఆడవాళ్ళంతా శోకాలు మొదలుపెడతారు. అది నటన కాదు. వచ్చిన మనిషికి ఏడవడానికి అనుమతి ఇవ్వడం.

బాధ్యతను గుంపు పంచిపెడుతుంది గనక, పంపకంలో వాటా రానివాళ్ళూ ఉంటారు. నా సమస్య అది.

ఐదు దశలు, వాట్సాప్ వైద్యం

పిన్ని పోయిన నెలలో నాకు వాట్సాప్‌లో కనీసం ముగ్గురు పంపిన బొమ్మ ఒకటుంది. దుఃఖానికి ఐదు దశలు: కాదనుకోవడం, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోవడం. మెట్లు ఎక్కినట్టు ఎక్కితే చివర శాంతి. ఎలిజబెత్ కూబ్లర్ రాస్ 1969లో ఆ ఐదింటిని చెప్పింది చావు దగ్గరపడిన రోగులతో మాట్లాడి, వాళ్ళ మనఃస్థితి గురించి. వెనక మిగిలినవాళ్ళకు దాన్ని అతికించడం తర్వాత జరిగింది. అవి వరసగా వస్తాయని పరిశోధనల్లో గట్టిగా తేలనూ లేదు. అయినా ఆ బొమ్మ తిరుగుతూనే ఉంది. నేను ఏ మెట్టు మీద ఉన్నానో వెతుక్కుంటూ ఒక వారం వృథా చేసుకున్నాను.

అంతకుముందు సిగ్మండ్ ఫ్రాయిడ్ 1917లో చెప్పిన మాట చాలాకాలం నడిచింది. పోయిన మనిషి మీద పెట్టుకున్న మమకారాన్ని కొద్దికొద్దిగా వెనక్కి తీసుకోవడమే దుఃఖం చేసే పని అని. 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ అనే ముగ్గురు దీన్ని తిరగేశారు. పోయినవాళ్ళతో బంధం తెగనక్కర్లేదు, రూపు మార్చుకుని కొనసాగుతుంది, అది జబ్బు కాదు అన్నారు. సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెట్టుకునే ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఇది వింతగా అనిపించదు. అలాగని 'మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు' అని జబ్బలు చరుచుకోవడం నాకు నచ్చదు. మనవాళ్ళు బంధాన్ని నిలిపారు, నిజమే. ఎవరి బంధాన్ని నిలపాలో కూడా మనవాళ్ళే తేల్చారు.

నాకు ఎక్కువ పనికొచ్చింది మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో చెప్పినది. దుఃఖంలో ఉన్న మనిషి రెండు ఒడ్ల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటాడు. కాసేపు పోగొట్టుకున్న దాని దగ్గర, కాసేపు కరెంటు బిల్లు, పిల్లల ఫీజుల దగ్గర. రెండూ కావాలి. ఒకే ఒడ్డున ఉండిపోతేనే ఇబ్బంది. దీన్ని చదివినప్పుడు నాకు పీర్ల పండుగ గుర్తుకొచ్చింది. గుంటూరు వైపు ఎన్నో పల్లెల్లో మొహర్రం పది రోజులు పీర్ల చావిడిలో హిందువులూ ఉంటారు. క్రీస్తుశకం 680లో కర్బలాలో హుసేను, ఆయన వాళ్ళు చంపబడినందుకు పుట్టిన శోకం అది. పదో రోజున పీర్లను నీళ్ళ దగ్గరకు తీసుకెళ్ళి, తెచ్చి, గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. మళ్ళీ ఏడాదికి గానీ తీయరు. పదమూడు వందల ఏళ్ళుగా ఆరని దుఃఖానికి కూడా ఒక పెట్టె ఉంది, ఒక తాళం ఉంది, తెరిచే రోజు ఒకటుంది.

మన కోసం కట్టని చోట్లు

బహిరంగ శోకస్థలం అనగానే మనకు తోచేది స్తూపం, విగ్రహం, నివాళి. తెనాలిలో రణరంగ్ చౌక్ ఉంది. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసు కాల్పులకు ఏడుగురు చనిపోయిన చోటు. వారి స్మారక స్తూపాలు అక్కడ ఉన్నాయి. ఆగస్టులో దండలు పడతాయి. మిగతా రోజుల్లో చుట్టూ ఆటోలు, బేరాలు. నేను వెళ్ళిన మధ్యాహ్నం అక్కడ ఆగి చూసింది నేనొక్కదాన్నే. ఏమీ అనిపించలేదు. అనిపించాలని నిలబడితే అనిపించదని అప్పుడు తెలిసింది.

ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల సంస్మరణ జరుగుతుంది. 1959లో అదే రోజున లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైన్యం కాల్పుల్లో పదిమంది పోలీసులు చనిపోయారు. ఏటా ఆ రోజున, గడిచిన ఏడాదిలో విధుల్లో పోయినవాళ్ళ పేర్లు చదువుతారు, తుపాకులు తలకిందులు చేసి నిలబడతారు. ప్రభుత్వం ఏడ్చే పద్ధతి అది. బిగుసుకుని ఉంటుంది. కానీ పేర్లు చదువుతున్నప్పుడు మాత్రం ఆ బిగువు కాస్త సడలుతుంది.

కారంపూడి వేరు. నరసరావుపేట మీదుగా వెళ్ళాలి. ఇప్పుడు పల్నాడు జిల్లా, నిన్నమొన్నటిదాకా గుంటూరు జిల్లాయే. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో చచ్చినవాళ్ళకు కార్తీక అమావాస్య మొదలు ఐదు రోజులు ఆరాధన చేస్తారు. రోజుకొక పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల వారసులుగా చెప్పుకునే ఆచారవంతులు ఊరూరి నుంచీ ఆయుధాలు పట్టుకొస్తారు. వీరవిద్యావంతులు కథ పాడతారు. మందపోరు రోజున కులం తేడా లేకుండా కూర్చుని తినే చాపకూడు ఉంటుంది. నేను వెళ్ళినప్పుడు పక్కన కూర్చున్న నడివయసు ఆవిడ, బాలచంద్రుడి ఘట్టం పాడుతుంటే కళ్ళు తుడుచుకుంటూ, "మావాడికీ ఇంతే వయసు" అంది. వాళ్ళబ్బాయి మోటారు సైకిలు ప్రమాదంలో పోయాడట. ఆ ఏడాదే కాదు, ఎనిమిదేళ్ళయింది. ఆవిడ ఏడుస్తోంది ఎవరి కోసం అని అడిగితే ఏం చెబుతుంది? చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అక్కడ అందరూ బాలచంద్రుడి కోసమే ఏడుస్తున్నట్టు లెక్క.

ఈ 'లెక్క'లోనే చిక్కుముడి విడుతుంది. ఈ చోట్లేవీ మన కోసం కట్టినవి కావు. ఒకటి జాతీయోద్యమం కోసం, ఒకటి ప్రభుత్వం కోసం, ఒకటి వీరాచారం కోసం. మన పిన్నితో, మన బిడ్డతో వాటికి పనిలేదు. నాకు తోచినంతవరకు వాటి సుగుణం అదే. మనం ఎవరమని అవి పట్టించుకోవు గనక మన వరస అడగవు. ఇంట్లో ఏడిస్తే ఎందుకింత అంటారు, ఏడవకపోతే ఎందుకు లేదంటారు. ఇక్కడ రెండూ లేవు. పైగా చేతికి ఒక పని దొరుకుతుంది. అగ్గిపుల్ల గీయడం, దండ వేయడం, విస్తరి వేయడం. తెనాలిలో నాకేమీ అనిపించకపోవడానికి కారణం అదేనేమో, నా చేతుల్లో ఏమీ లేదు.

ఈ అలవాటు ఇప్పటిది కాదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభాలు దొరికాయి. పోయినవాళ్ళ జ్ఞాపకంగా నలుగురూ చూసేలా నిలిపిన రాళ్ళు. రాజు చాంతమూలుడి స్తంభాన్ని కొడుకు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో నిలిపినవాళ్ళు ఆ రాజు తల్లులు, తోబుట్టువులు, భార్యలు. అంటే ఆడవాళ్ళు. నాకు ఆ శాసనం మీద కాస్త పక్షపాతం ఉంది. సైనికులకూ, చేతిపనివారికీ కూడా అలాంటి స్తంభాలున్నాయి. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వి తీసిన బుద్ధధాతువుల పేటిక మీద కురుడి తండ్రి, కురుడి తల్లి, కురుడు, శివుడు అని ఒక ఇంటివాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి. లోకమంతా మొక్కే చోట తమ ఇంటి పేర్లు నాలుగు పెట్టుకున్నారు.

ఎవరూ లేనివాళ్ళకు

విజయవాడలో శోకానికి అన్నిటికంటే పెద్ద బహిరంగ స్థలం కృష్ణ. ప్రకాశం బ్యారేజీకి ఇటూ అటూ ఘాట్లు. 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా పుష్కరాల్లో అక్కడ పిండప్రదానాలకు తెరిపి లేదు. మళ్ళీ 2028లో. మామూలు రోజుల్లోనూ ఏదో ఒక కుటుంబం ఉంటుంది. కొత్తగా గుండు చేయించుకున్న కుర్రాడు, పంచె సరిగ్గా నిలవక పట్టుకుంటూ. పిండం పెట్టి కాకి కోసం చూసే పెద్దవాళ్ళు. కాస్త దూరంలో తాడుకు అయస్కాంతం కట్టి నీళ్ళలోకి విసిరి చిల్లర లాగే పిల్లలు. పక్కపక్కనే. ఎవరి పని వారిది.

ఒక ఉదయం మెట్ల మీద కూర్చుని ఒక పురోహితుడు తర్పణాలు చేయించడం విన్నాను. తండ్రి, తాత, ముత్తాతల తర్వాత ఆయన ఇంకో జాబితా అందుకున్నాడు. మేనమామ, మేనత్త, గురువు, స్నేహితుడు. వాళ్ళను కారుణ్య పితరులు అంటారు. మనం కరుణతో తలుచుకోవలసినవాళ్ళు. అందులో తల్లి తోబుట్టువు ఉంది. చివరికి తల్లీ తండ్రీ బంధువూ ఎవరూ లేనివాళ్ళకు కూడా నీళ్ళు వదిలే శ్లోకం ఒకటుంది. గోడ పక్కన ముసలావిడ చేయించింది అదే కదా అనుకున్నాను. పని అయ్యాక పురోహితుణ్ణి అడిగాను. "పిన్నికి ఎవరు వదలాలండీ?"

"మీ అన్నదమ్ములు వదలవచ్చమ్మా."

"నేను?"

ఆయన దర్భలు మూట కడుతూ, "మీరు మనసులో దణ్ణం పెట్టుకోండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

అంటే బహిరంగ స్థలం అన్నంత మాత్రాన తలుపులన్నీ తీసి ఉండవు. ఇంకా కటువైన సంగతి, మన ఊళ్ళల్లో శ్మశానాలు కులాల వారీగా ఉంటాయి. దళితులకు పాతిపెట్టుకునే జాగా కోసం గొడవలు ఇప్పటికీ వింటూనే ఉన్నాం. ఎవరికి విగ్రహం, ఎవరికి మట్టిదిబ్బ అన్నదానిలోనూ వరస ఉంది. విజయవాడలో నాలుగు రోడ్ల కూడలిలో వేలాడే 'అశ్రునివాళి' ఫ్లెక్సీలు చూడండి. పోయినాయన ఫొటో కంటే కింద వరసలో నివాళి అర్పించేవారి ఫొటోలకే ఎక్కువ చోటు. దీన్ని దుఃఖం అనాలా, ప్రచారం అనాలా అని నేను తేల్చను. రెండూ కలిసే ఉంటాయి, పాళ్ళే తేడా.

చోటే దొరకని దుఃఖం ఇంకొకటి. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన దివిసీమను ముంచేసింది. పోయినవాళ్ళు అధికారిక లెక్కల్లోనే పదివేల దాకా. ఎన్నో శవాలు గుర్తుపట్టలేక సామూహికంగా దహనం చేశారు, ఎన్నో దొరకనే లేదు. శవం చూడని ఇళ్ళలో దుఃఖం తేలదు. పాలీన్ బాస్ అనే పరిశోధకురాలు దీన్ని విడిగా గుర్తించింది. మనిషి పోయాడో లేదో నిర్ధారణ కానప్పుడు ఏడవడం మొదలుపెట్టడమే కుదరదు. అలాంటివాళ్ళకు ఏటా నవంబరు 19న ఉప్పెన మృతుల స్తూపం దగ్గర వేసే దండ ఉత్తి లాంఛనం అనలేం. సమాధి లేనిచోట ఆ స్తూపమే సమాధి.

ఇదంతా వైద్యం అని మాత్రం నేను అనను. ఏడాది దాటినా నిద్ర, తిండి, పని అన్నీ కుదేలై, పోయిన మనిషి ధ్యాసలోనే బతుకు ఆగిపోతే దాన్ని దీర్ఘకాలిక శోక రుగ్మతగా మానసిక వైద్యులు ఇప్పుడు గుర్తిస్తున్నారు. అమెరికన్ వైద్యుల ప్రామాణిక జాబితాలోకి ఇది 2022లో ఎక్కింది. అక్కడ పెద్దవాళ్ళకు ఏడాది గడువు, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఆరు నెలలు. అలాంటప్పుడు స్తూపాల చుట్టూ తిరిగే బదులు వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి. ప్రభుత్వ టెలీ మానస్ ఫోను నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

మరుసటి నవంబరు 2న నేనే కొవ్వొత్తులు కొనుక్కుని వెళ్ళాను. ముసలావిడ కనబడలేదు. గోడ పక్కన మట్టి దిబ్బ ఇంకాస్త కుంగింది. ఏడుపు రాలేదు. అగ్గిపెట్టె తడిసి ఉండటంతో దాని మీద విసుగు వచ్చింది.

ఈసారి మహాలయ అమావాస్యకు రెండు రోజుల ముందు తమ్ముడు ఫోను చేశాడు. స్వయంపాకం ఇవ్వాలట. బియ్యం, పప్పు, నెయ్యి సరే, కూరగాయలు ఏవి పెట్టమంటావు, అమ్మకు ఏవి ఇష్టమో నాకు సరిగా గుర్తు లేదు, నీకైతే తెలుస్తుందని చేశానక్కా అన్నాడు.

"రాసుకో" అన్నాను. "కంద. అరటికాయ. లేత బెండకాయలు, ముదురువి ఇస్తే తిడుతుంది. పెరుగులోకి మామిడల్లం. కాకరకాయ వద్దు."

"పంతులుగారు కాకరకాయ ఉండాలన్నారే."

"బతికినన్నాళ్ళూ ముట్టుకోలేదురా" అన్నాను.

వాడు కాసేపు ఆగి, "సరే, కొట్టేశాను" అన్నాడు. "ఇంకా చెప్పు."